తిరుపతి చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలున్నా డిగ్రీ పిల్లలకు పని నేర్పే చోటు ఎందుకు దొరకడం లేదు?

కెమిస్ట్రీ మేడం, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పిల్లల ఇంటర్న్‌షిప్‌లు చూసే బాధ్యత కూడా నాదే.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక 2 నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక ఎండాకాలంలో 2 నెలలు ఎక్కడైనా పని, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం బయటే. ఈ నిబంధన మంచిదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మా పిల్లల్లో చాలామంది వాళ్ల ఇళ్లలో డిగ్రీకి వచ్చిన మొదటి తరం. ఆఫీసు ఎలా ఉంటుందో, ల్యాబ్‌లో ఎవరు ఏం చేస్తారో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు.

కానీ జరుగుతున్నది వేరు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివే అమ్మాయి వెబ్ డెవలప్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ చేసినట్టు ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చి నా టేబుల్ మీద పెడుతుంది. కొన్ని వందల రూపాయలు కడితే సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు రెండూ పంపేవాళ్ల నంబర్లు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. కడుపు మండిపోతుంది.

ఒకసారి చుట్టూ చూడండి. రేణిగుంటలో, వికృతమాలలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు. కరకంబాడిలో బ్యాటరీలు. శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో ఇనుప పైపులు. సత్యవేడు వైపు శ్రీసిటీ పారిశ్రామిక వాడ. చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. ఇంకోవైపు ఎస్వీయూ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్, వెటర్నరీ యూనివర్సిటీ, లెక్కలేనన్ని డిగ్రీ కాలేజీలు. ఇంత దగ్గరగా ఉన్నా మామూలు డిగ్రీ కాలేజీకీ ఫ్యాక్టరీకీ పరిచయమే లేదు.

నేను అడిగేది రెండే. మా పిల్లల్ని ఎవరు తీసుకోగలరు? తీసుకునేవాళ్లు మా నుంచి ఏం కోరుకుంటున్నారు? దయచేసి పని జరిగే సమాధానాలు ఇవ్వండి.

బీఎస్సీ ఫైనలియర్

మేడం, మీరు మా కాలేజీ కాదు. కానీ మా కాలేజీ గురించే రాసినట్టుంది.

పోయిన ఎండాకాలం నేను ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో 2 నెలలు చేశాను. పొద్దున 7కి వెళ్లి మధ్యాహ్నం వరకు. శాంపిల్ మీద లేబుల్ అతికించడం, మెషీన్ పెట్టే ముందు కంట్రోల్ శాంపిల్ (ఫలితం ముందే తెలిసిన నమూనా) వేసి సరిచూడటం, రిపోర్టు టైప్ చేసేటప్పుడు పేరు, వయసు రెండుసార్లు చదవడం. అన్నీ అక్కడి టెక్నీషియన్ అక్క నేర్పించింది. వైవా (నోటి పరీక్ష) రోజు మా గ్రూపులో సర్టిఫికెట్ కొనుక్కున్నవాళ్లకూ నాకూ ఒకటే గ్రేడ్ వచ్చింది. నా నోట్‌బుక్ తెరిచి చూడను కూడా లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

రేణిగుంట క్వాలిటీ

ఆ అమ్మాయికి ముందు ఒక మాట. కంట్రోల్ వేసి సరిచూశాకే మెషీన్ నమ్మాలి అని నీకు తెలిసింది చూడు, అది మా లైన్‌లో ఇంజనీరింగ్ చేసి వచ్చినవాళ్లలో కూడా చాలామందికి నేర్పాల్సి వస్తోంది. గ్రేడ్ సంగతి వదిలేయ్ తల్లీ. ఆ నోట్‌బుక్ దాచుకో, ఇంటర్వ్యూకి తీసుకెళ్లు.

మేడం, మీ రెండో ప్రశ్నకు నా జవాబు. నేను ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. కొత్తగా వచ్చినవాళ్లతో నాకున్న పెద్ద సమస్య సాఫ్ట్‌వేర్ రాకపోవడం కాదు, ఇంగ్లిష్ రాకపోవడం అసలే కాదు. రీడింగ్ మార్చి రాయడం.

షిఫ్టులో గంటకోసారి సోల్డరింగ్ ఉష్ణోగ్రత చూసి షీట్‌లో రాయాలి. లిమిట్ దాటితే లైన్ ఆపి చెప్పాలి. కొత్త కుర్రాడు ఏం చేస్తాడంటే, రీడింగ్ లిమిట్ దాటితే కంగారుపడి లిమిట్‌లోపలి అంకె రాసేస్తాడు. మోసం చేయాలని కాదు. "తప్పు రీడింగ్ రాస్తే తిడతారేమో అనుకున్నా సార్" అంటాడు. ఎక్కడ నేర్చుకున్నాడు ఇది? కాలేజీ ల్యాబ్‌లో. అక్కడ గ్రాఫ్ సరళరేఖ రాకపోతే మార్కులు తగ్గుతాయి. అందుకే ముందు గీత గీసి, దాని మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కల్ని బట్టి రీడింగులు రాస్తారు. మూడేళ్లు రికార్డు పుస్తకం అలాగే నింపుతారు. ఆ అలవాటుతోనే మా దగ్గరికి వస్తారు. ఆ ఒక్క తప్పు అంకె వల్ల ఒక లాట్ (ఒకేసారి తయారైన సరుకు) మొత్తం వెనక్కి వస్తుంది.

కాబట్టి నేను మీ నుంచి కోరుకునేది కొత్త కోర్సు కాదు మేడం. వచ్చిన రీడింగ్ వచ్చినట్టు రాసే పిల్లలు కావాలి. ఎందుకు తేడా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ఇంకా మంచిది. మల్టీమీటర్ పట్టుకోవడం, వెర్నియర్ చదవడం, డ్రాయింగ్‌లో టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో) అర్థం చేసుకోవడం, ఇవన్నీ మేం వారంలో నేర్పుకుంటాం.

కెమిస్ట్రీ మేడం, తిరుపతి

మీరు చెప్పింది ముమ్మాటికీ నిజం. టైట్రేషన్ (ద్రావణంలో ఆమ్లమో క్షారమో ఎంతుందో కొలిచే ప్రయోగం) పరీక్షలో ఎగ్జామినర్ దగ్గరున్న విలువకు ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు. అందుకే పిల్లలు పక్కవాళ్లను అడిగి బ్యూరెట్ రీడింగ్ సరిచేసుకుంటారు. ఇన్విజిలేషన్‌లో ఉన్న ప్రతి లెక్చరర్‌కూ ఇది తెలుసు. మా ఇంటర్నల్ ల్యాబ్ మార్కులు మా చేతిలోనే ఉంటాయి కాబట్టి ఒక పని చేయగలను. పెన్నుతో రాసిన మొదటి రీడింగుల మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, ఆ అంకెలకే, వాటి వివరణకే మార్కులు ఇస్తాను. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

విశ్రాంత ఆచార్యుడు

చర్చ మంచి దారిలో వెళుతోంది. అయినా ఒక హెచ్చరిక చేయాలి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. అది ఊరికే రాలేదు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒప్పందంలోనే రాయలసీమ పెద్దలు నీళ్లతో పాటు చదువు గురించీ పట్టుబట్టారు. మన ప్రాంతపు పిల్లలు ఆలోచించే మనుషులు కావాలని వాళ్లు కోరుకున్నారు. పరిశ్రమకు మనుషుల్ని సరఫరా చేసే గోదాముగా విశ్వవిద్యాలయాన్ని మార్చితే ఆ ఆశకు ద్రోహం చేసినట్టే.

ఇంకొకటి. పరిశ్రమ ఏం అడిగితే అది సిలబస్‌లో పెట్టమంటారు. ఒక పదేళ్ల కిందట రేణిగుంటలో ఫోన్ల ఫ్యాక్టరీలంటే మన దేశీ బ్రాండ్ల పేర్లే చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ బ్రాండ్ల ఫోన్లు ఎవరి చేతిలో ఉన్నాయి? వాటి కోసం మనం ఒక కోర్సు పెట్టి ఉంటే, ఆ పిల్లల గతి ఏమయ్యేది? సిలబస్ మారడానికి మూడేళ్లు, మారిన సిలబస్‌తో పిల్లలు బయటికి రావడానికి ఇంకో మూడేళ్లు. ఈలోగా పరిశ్రమ ఎటో వెళ్లిపోతుంది. వెంటపడి పట్టుకోలేం.

తెలుగు, చరిత్ర, తత్వశాస్త్రం చదివే పిల్లలు కూడా ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్ల చదువు ఏ ఫ్యాక్టరీకి సరిపోతుందని అడగడం మొదలుపెడితే ఆ విభాగాలు మూతపడతాయి.

రేణిగుంట క్వాలిటీ

నమస్కారం సార్. మీతో నాకు గొడవ లేదు. నేను అడిగింది కొలత, నిజాయితీ. ఇవి ఏ బ్రాండ్ వచ్చినా పోయినా పనికొస్తాయి. మా ఫ్యాక్టరీ మెషీన్ పేరు సిలబస్‌లో పెట్టమని నేనైతే ఎప్పుడూ అడగను.

శ్రీసిటీ హెచ్ఆర్

సార్ చెప్పిన హెచ్చరికకు నేను ఇంకొకటి కలుపుతాను. కొంచెం చేదుగా ఉంటుంది, క్షమించాలి.

"స్కిల్స్ లేవు కాబట్టి ఉద్యోగాలు రావడం లేదు" అనే మాట సగమే నిజం. శ్రీసిటీలో, ఆ చుట్టుపక్కల ఎక్కువ ఖాళీలు ఆపరేటర్ స్థాయివి. ఇంటర్, ఐటీఐ, డిప్లొమా చాలు. 2015లో శ్రీసిటీలో షియోమీ ఫోన్ల తయారీ మొదలైనప్పటి నుంచి లైన్ల మీద ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్లలో డిగ్రీ చదివినవాళ్లూ ఉంటారు. ఇంటర్ చదివిన అమ్మాయి పక్కన నిలబడి అదే పని, అదే జీతం. వాళ్లకు తెలివి తక్కువై కాదు. డిగ్రీ స్థాయి పని ఇక్కడ తక్కువగా ఉంది. డిజైన్, రీసెర్చ్, సోర్సింగ్ పనులు చాలావరకు చెన్నైలో, బెంగళూరులో, విదేశాల్లో జరుగుతాయి. కాలేజీ ఎంత మారినా ఈ లోటు కాలేజీ ఒక్కటే పూడ్చలేదు. భూమి, రాయితీలు ఇచ్చేటప్పుడు ల్యాబ్, డిజైన్ విభాగం కూడా ఇక్కడే పెట్టమని ప్రభుత్వం గట్టిగా అడగాలి.

అయితే మధ్య స్థాయి పనులున్నాయి. క్వాలిటీ, స్టోర్స్, ఎగుమతుల కాగితాలు, ఇన్‌కమింగ్ మెటీరియల్ తనిఖీ, పర్యావరణ పర్మిషన్లు, నీటి శుద్ధి ప్లాంట్. వీటికి బీఎస్సీ, బీకాం పిల్లలు చక్కగా సరిపోతారు. ఆల్‌స్టోమ్‌లో తయారైన మెట్రో రైళ్లు సిడ్నీ దాకా వెళ్లాయి. ఒక రైలు పెట్టె ఓడ ఎక్కాలంటే వెనకాల ఎన్ని కాగితాలు, ఎన్ని తనిఖీలు ఉంటాయో ఆలోచించండి. ఏసీల వైపు డైకిన్, బ్లూస్టార్ వచ్చాయి. ఏసీలో గ్యాస్ లీకేజీ పట్టడానికి హీలియం ఎందుకు వాడతారని బీఎస్సీ ఫిజిక్స్ అబ్బాయిని అడిగితే, చిన్న అణువు కాబట్టి సన్న రంధ్రంలోంచి కూడా బయటికి వస్తుందని చెప్పగలగాలి. అది వాళ్ల పుస్తకంలో ఉన్నదే.

కాలేజీలు మా దగ్గరికి వస్తాయి. ఎంఓయూ (ఒప్పంద పత్రం) మీద సంతకాలు, శాలువా, ఫోటో. ఆ తర్వాత ఫోన్ రాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ పరిశీలన దగ్గరపడినప్పుడు మళ్లీ వస్తారు. నాకు ఎంఓయూ వద్దు. "మా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు, ఈ సబ్జెక్టులు చదివారు, ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ఖాళీ, వాళ్ల కోసం నెలకోసారి నేనే వచ్చి చూస్తాను" అని ఒక లెక్చరర్ రాస్తే చాలు.

పుత్తూరు నాన్న

సార్, మేడం, అందరికీ దండాలు. నేను పెద్దగా చదువుకోలేదు. మా పాప తిరుపతిలో బీఎస్సీ రెండో సంవత్సరం. పుత్తూరు నుంచి రోజూ పోయి వస్తుంది.

మీరు ఫ్యాక్టరీ అంటున్నారు. పంపడానికి నాకు ఇష్టమే. కానీ పొద్దున 6 గంటల షిఫ్టుకి పాప ఇంట్లోంచి ఎన్నింటికి బయలుదేరాలి? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు, అది మాకు పెద్ద సాయం. టికెట్ లేకపోయినా ఆ టైముకు బస్సు ఉండాలి కదా. కంపెనీ బస్సు ఉద్యోగులకే అంటారు. హాస్టల్‌లో ఉంచాలంటే నెలకు ఎంతవుతుందో మీకు తెలుసు. ఇంటర్న్‌షిప్‌లో డబ్బులు ఇవ్వరు. మరి డబ్బున్నవాళ్ల పిల్లలే నిజమైన ఇంటర్న్‌షిప్ చేసి, మా పిల్లలు సర్టిఫికెట్ కొనుక్కోవాల్సిందేనా?

మా పాపను ఎవరైనా జనరల్ షిఫ్టులో, పగటిపూట తీసుకుంటే నేనే దించి వస్తాను.

కెమిస్ట్రీ మేడం, తిరుపతి

అన్నా, మీరు అడిగింది చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉన్నది. సర్టిఫికెట్ కొనే పిల్లల్ని ఊరికే నిందించలేకపోవడానికి ఇదే కారణం. రానుపోను ఖర్చు, భోజనం ఎవరు పెట్టుకోవాలో తేల్చకుండా పిల్లల్ని ఫ్యాక్టరీకి పంపడం న్యాయం కాదు. హెచ్ఆర్ గారూ, దీనికి మీ దగ్గర ఏదైనా దారి ఉందా?

శ్రీసిటీ హెచ్ఆర్

ఉంది, కానీ చాలామంది వాడుకోవడం లేదు. స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునేవాళ్ల కోసం అప్రెంటిస్ చట్టం ఉంది, అది 1961 నాటిది. 2014 సవరణ తర్వాత ఇంజనీరింగ్ కాని డిగ్రీలవాళ్లకూ అవకాశం వచ్చింది. 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2019 నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమాకు 8,000 అని పెట్టారు. కేంద్ర అప్రెంటిస్ శిక్షణ పథకం నాట్స్ కింద అందులో సగం కేంద్రం భరిస్తుంది. దాన్ని చూసే మన దక్షిణాది రాష్ట్రాల బోర్డు చెన్నై తరమణిలో ఉంది.

అది డిగ్రీ పూర్తయ్యాక ఏడాది పాటు చేసేది. చదువు మధ్యలో చేసే ఇంటర్న్‌షిప్ వేరు, దానికి ఈ స్టైపెండ్ వర్తించదు. ఈ రెంటినీ కలిపేలా, అప్రెంటిస్‌షిప్‌ను డిగ్రీలోనే భాగం చేసి క్రెడిట్లు ఇచ్చే కోర్సులకు యూజీసీ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ దారిలో నడిస్తే చదువుతూనే స్టైపెండ్ వస్తుంది. మన కాలేజీలు ముందు దాని గురించి అడగాలి. పుత్తూరు అన్న బాధకు అసలు మందు అదే.

షిఫ్టు విషయం. ఇంటర్న్‌ని జనరల్ షిఫ్టులోనే పెట్టమని కాలేజీ లెటర్‌లో రాయించండి. మేం ఒప్పుకుంటాం. రాయకపోతే సూపర్‌వైజర్ ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ నిలబెడతాడు. అప్పుడు అది నేర్చుకోవడం కాదు, జీతం లేని లేబర్. దీన్ని కాలేజీవాళ్లు గట్టిగా అడ్డుకోవాలి.

పాలిటెక్నిక్ మాస్టారు

డిగ్రీవాళ్లు ఇప్పుడు పడుతున్న ఇబ్బందిని మా డిప్లొమా వైపు ఎప్పటినుంచో చూస్తున్నాం. మా దగ్గర చివరి ఏడాదిలో 6 నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంది. మంచి కంపెనీలో పడ్డ కుర్రాడు తిరిగొచ్చేసరికి నడకే మారిపోతుంది. ఒక పిల్లవాడు సత్యవేడు వైపు పనిచేసి వచ్చాడు. తిరిగొచ్చాక మా వర్క్‌షాప్‌లో లేత్ దగ్గర నేల మీద నూనె ఉంటే వాడే తుడిచి, "సార్, ఇక్కడ పసుపు గీత గీయాలి" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దీన్ని చెడగొట్టేవి రెండు. మేం వెళ్లి పిల్లల్ని చూడాలి, మార్కులు వేయాలి. ఇరవై చోట్ల ఇద్దరు ముగ్గురు చొప్పున ఉన్న పిల్లల్ని పాఠాలు చెప్పుకుంటూ ఒక మాస్టారు ఎలా చూస్తాడు? టైమ్ టేబుల్‌లో దానికి పీరియడ్ లేదు, ప్రయాణ ఖర్చులు చేతినుంచి పెట్టుకుని తర్వాత బిల్లు కోసం తిరగాలి. నిబంధన రాసినవాళ్లు ఈ ఒక్క పనికి గంటలు, డబ్బులు కేటాయించి ఉంటే సగం దొంగ సర్టిఫికెట్లు పోయేవి.

రెండోది ఈసెట్. డిప్లొమా అయ్యాక బాగా చదివే పిల్లలు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరిపోతారు. పరిశ్రమకు కావాల్సింది డిప్లొమా, ఇంట్లోవాళ్లకు కావాల్సింది బీటెక్. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి డిప్లొమా అంటే తలపక్కకు తిప్పుకుంటారు. కంపెనీలు కూడా అంతే. పదేళ్ల అనుభవం ఉన్న డిప్లొమా వ్యక్తిని పక్కనపెట్టి కొత్త బీటెక్‌ను ఇంజనీర్ చేస్తారు. అది చూశాక ఏ పిల్లవాడు డిప్లొమాతో ఆగుతాడు?

ఓరగడం నుంచి

మాది నగరి. చెన్నై దగ్గర ఓరగడంలో కార్ల విడిభాగాల కంపెనీలో పని. కొన్నాళ్లు జర్మనీలో ఉన్నాను కాబట్టి ఒక విషయం చెప్పాలి.

అక్కడ కుర్రాడు వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటాడు. ఇది అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది వేరే. ఆఖరి పరీక్షను కంపెనీ పెట్టదు, బడి కూడా పెట్టదు. ఆ ప్రాంతపు వాణిజ్య పరిశ్రమల మండలి పెడుతుంది. పరీక్షించేవాళ్లలో యజమానుల తరఫువాళ్లు, కార్మికుల తరఫువాళ్లు, టీచర్లు ముగ్గురూ ఉంటారు. అందుకే ఆ సర్టిఫికెట్‌ను ఏ ఊళ్లోనైనా నమ్ముతారు. దీనికి 1969లోనే చట్టం ఉంది.

మన దగ్గర ఇంటర్న్‌షిప్ ఇచ్చినవాడే సర్టిఫికెట్ ఇస్తాడు. నేర్చుకున్నాడా లేదా అని మూడో మనిషి చూడడు. పై పోస్టులో ఆ అమ్మాయి నోట్‌బుక్ ఎవరూ తెరవలేదంటే కారణం ఇదే. తిరుపతిలో జర్మనీ తేవాలని నేను అనను. వైవాలో బయటి ఫ్యాక్టరీ మనిషి ఒకరు కూర్చుంటే చాలు. కొన్న సర్టిఫికెట్ పది నిమిషాల్లో బయటపడుతుంది.

రేణిగుంట క్వాలిటీ

శనివారం అయితే నేను వస్తాను. డబ్బులు వద్దు.

బీఎస్సీ ఫైనలియర్

నిజంగా వస్తారా సార్? మా కాలేజీకి కూడా?

రేణిగుంట క్వాలిటీ

పిలిస్తే తప్పకుండా వస్తానమ్మా. మీ హెచ్ఓడీతో నాకు ఇక్కడే మెసేజ్ పెట్టించు.

విశ్రాంత ఆచార్యుడు

యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక అవకాశం తెచ్చింది. పీహెచ్‌డీ లేకపోయినా తమ రంగంలో దీర్ఘకాలం పనిచేసినవాళ్లను విశ్వవిద్యాలయం బోధనకు తీసుకోవచ్చు. మనవాళ్లు దాన్ని పెద్ద పదవుల్లో ఉన్నవారి కోసమే అనుకుంటున్నారు. ఇలా శనివారం వచ్చి వైవాలో కూర్చునే మనిషి కూడా ఆ స్ఫూర్తికి తగినవాడే. దీనికి నా పూర్తి మద్దతు.

కానీ నా మొదటి అభ్యంతరం అలాగే ఉంది. హెచ్ఆర్ గారు చెప్పిన ఉద్యోగాలన్నీ ఉన్నదాన్ని నడిపే పనులు. కొత్తదాన్ని కనిపెట్టే మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

శ్రీసిటీ హెచ్ఆర్

సార్, మీ ప్రశ్నకు ఒక హెచ్ఆర్ జవాబు చెప్పలేడు. మీ విద్యార్థుల్లోంచే వస్తారని నా ఆశ. కానీ వాళ్లు కనిపెట్టే లోపు మూడు పూటలా తినాలి కదా. మొదటి జీతం ఆలస్యమైతే పీజీ మానేసే పిల్లల్ని నేను రోజూ ఇంటర్వ్యూల్లో చూస్తున్నాను.

భవానీనగర్ ఆడిటర్ ఆఫీసు

కెమిస్ట్రీ మేడం అడిగారు గానీ బీకాం పిల్లల గురించి ఎవరూ మాట్లాడలేదు. మన కాలేజీల్లో వాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు శ్రీసిటీ దాకా పోవాల్సిన పని లేదు.

మా ఆఫీసు చిన్నది. నెలలో 11వ తేదీ జీఎస్టీఆర్-1కి (అమ్మకాల వివరాల రిటర్న్), 20వ తేదీ 3బీకి (పన్ను కట్టే రిటర్న్) గడువు. ఆ మధ్య రోజుల్లో మాకు ఊపిరాడదు. బీకాం పిల్లవాడు వచ్చి, షాపువాళ్లు తెచ్చిన కొనుగోలు బిల్లుల్ని పోర్టల్‌లోని 2బీతో (సరఫరాదారుల రిటర్నుల నుంచి వచ్చే కొనుగోళ్ల జాబితా) ఒక్కొక్కటి సరిచూసి, ఏ సరఫరాదారు రిటర్న్ వేయలేదో పట్టుకుంటే మాకు కొండంత సాయం. వాడికి పుస్తకంలో చదివిన ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకోవడం) అంటే ఏమిటో జన్మలో మర్చిపోడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మేం కూడా ఇలాగే బిల్లులు ముందేసుకుని నేర్చుకున్నాం.

నేను ఏడాదికి ఇద్దరినే తీసుకుంటాను. క్లయింట్ లెక్కలు బయట మాట్లాడకూడదని మొదటి రోజే చెబుతాను. బస్సు ఖర్చు, మధ్యాహ్నం భోజనం నావి. కాలేజీలు 80 మందిని ఒకే కంపెనీకి పంపాలని చూస్తాయి. ఎవరు తీసుకుంటారు అంతమందిని? ఇద్దరిద్దరు చొప్పున 40 చోట్లకు పంపండి. ఊళ్లో ఆడిటర్లు, హోటళ్లు, ఆసుపత్రుల బిల్లింగ్, గోదాములు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు ఎన్ని లేవు!

నిర్వాహకులు

ఎవరూ ఫోన్ నంబర్లు బహిరంగంగా పెట్టవద్దు. వ్యక్తిగత సందేశాల్లో ఇచ్చుకోండి. కాలేజీల పేర్లు, కంపెనీల మీద ఆరోపణలు కూడా వద్దు.

చిత్తూరు పల్ప్ ల్యాబ్

ఆలస్యంగా చూశాను. మేడం, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు: మీ పిల్లల్ని నేను తీసుకుంటాను.

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబ్ చూస్తాను. మా పనంతా మీ ప్రాక్టికల్స్ పుస్తకమే. తోతాపురి గుజ్జు బ్రిక్స్ (తీపి ఎంతుందో చూపే కొలత) 14కి తగ్గకూడదు, రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తాం. అసిడిటీ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి, సిట్రిక్ ఆమ్లంగా లెక్కకట్టి రాస్తాం. ఇక్కడే మీ పిల్లలు తడబడతారు. కాలేజీలో రంగులేని ద్రావణం గులాబీ రంగుకు మారుతుంది, తేలిగ్గా కనపడుతుంది. మామిడి గుజ్జు పసుపు. రంగు మారి చూపే ఫినాఫ్తలీన్ వేస్తే ఎండ్ పాయింట్ (ఆపాల్సిన చోటు) ఎక్కడో కంటికి తెలియదు. అందుకని పీహెచ్ మీటర్ పెట్టి 8.1 దగ్గర ఆపుతాం. ఎందుకు 8.1, ఎందుకు 7 కాదు అని అడిగితే బలహీన ఆమ్లం, బలమైన క్షారం పాఠం చెప్పాలి. సెకండియర్‌లో చదివిందే. పోయినసారి వచ్చిన ఒక అబ్బాయి రెండు రోజులు ఆలోచించి తనంతట తానే చెప్పాడు. వాడి ముఖం చూడాలి మీరు.

తర్వాత మైక్రోబయాలజీ ఉంది. అసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచిలో 215 కిలోల గుజ్జు నింపి డ్రమ్ములో పెట్టి విదేశాలకు పంపుతాం. చల్లటి గోదాము లేకుండా నెలల తరబడి నిలవుండాలి. ఒక్క ఈస్ట్ కణం బతికినా సంచి ఉబ్బుతుంది. ప్లేట్లు పోసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, లెక్కపెట్టే పని ఓపికైన పిల్లలకు బాగా నప్పుతుంది. కాయ మాగబెట్టే చోట కార్బైడ్ నిషేధం, ఇథిలీన్ అయితే పరిమితి లోపల వాడవచ్చు. ఇథిలీన్ మాగించే పని ఎలా చేస్తుందో, కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటిలీన్‌తో అసలు ప్రమాదం ఎక్కడుందో కెమిస్ట్రీ పిల్లలు రైతులకు చెప్పగలిగితే ఆ ఊళ్లకే మేలు.

అసలు ముఖ్యమైనది తేదీలు. మా సీజన్ జూన్, జూలై. ఆ రెండు నెలలు రాత్రీ పగలూ ట్రాక్టర్లు క్యూలో ఉంటాయి, ల్యాబ్‌లో మనుషులు చాలరు. మీ నాలుగో సెమిస్టర్ తర్వాత వచ్చే 2 నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఇంచుమించు అప్పుడే. ఆఖరి సెమిస్టర్‌లో పంపితే మా యంత్రాలు ఆగి ఉంటాయి, నేర్పడానికి ఏమీ ఉండదు. కాబట్టి చివరి సెమిస్టర్‌కు బ్యాటరీలు, పైపులు, ఎలక్ట్రానిక్స్ వైపు పంపండి. ఎండాకాలం మాకు ఇవ్వండి.

కెమిస్ట్రీ మేడం, తిరుపతి

ఈ చర్చ మొదలుపెట్టినప్పుడు ఇంత దొరుకుతుందని నేను అనుకోలేదు. మీకు చేతులెత్తి నమస్కారం.

సీజన్‌తో సెమిస్టర్ కలపడం గురించి మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఇప్పటిదాకా మాట్లాడలేదు. మేం ఏడాదికోసారి ఒక లిస్టు తయారుచేసి అన్ని నెలలకూ అదే వాడుతున్నాం. ఇక నుంచి నెలవారీగా రాస్తాను. పాల డెయిరీలు ఏడాది పొడవునా నడుస్తాయి, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) పరీక్షలు మా పిల్లలకు సులువు. నీటి శుద్ధి ప్లాంట్లూ అంతే.

హెచ్ఆర్ గారు చెప్పిన లెటర్‌లో జనరల్ షిఫ్టు మాట, రానుపోను ఖర్చు మాట ఉండేలా మా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. వైవాలో బయటి మనిషిని కూర్చోబెట్టడానికి యూనివర్సిటీ నిబంధన అడ్డురాదని అనుకుంటున్నాను, రాతపూర్వకంగా అడుగుతాను. పల్ప్ ల్యాబ్ గారూ, మొదటి విడత ఎంతమందిని పంపను? ఏం తెచ్చుకోవాలి?

పుత్తూరు నాన్న

పల్ప్ ల్యాబ్ సార్, పుత్తూరు నుంచి చిత్తూరుకు పొద్దున్నే బస్సులున్నాయి. ఆడపిల్లలకు పగటి షిఫ్టు ఇస్తారా? మా పాపది కెమిస్ట్రీనే.

చిత్తూరు పల్ప్ ల్యాబ్

అన్నా, ఇంటర్న్‌లకు పగలే. సాయంత్రం 5 దాటాక ల్యాబ్‌లో ఉంచను. ల్యాబ్‌లో ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు, మీ పాప వాళ్ల దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం భోజనం క్యాంటీన్‌లో. బస్టాండు నుంచి ఫ్యాక్టరీకి స్టాఫ్ వ్యాన్ ఎక్కించుకునే బాధ్యత నాది.

మేడం, మొదటి విడత నలుగురు చాలు. జూన్ మొదటి వారంలో రమ్మనండి, ఆ ఏడాది కాయ ముందొస్తే మే ఆఖర్లోనే ఫోన్ చేస్తాను. ఆహారం ముట్టుకునే పని కాబట్టి ప్రతి ఒక్కరికీ మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, టైఫాయిడ్ టీకా కూడా వేయించుకోవాలి. ఇది ఆహార భద్రతను చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన, పది రోజుల ముందే చేయించండి. గోళ్లకు రంగు, గాజులు, ఉంగరాలు, వాచీ లోపలికి రానివ్వం. తల క్యాపు, కోటు, బూట్లు మేమిస్తాం. పేజీలకు నంబర్లు ఉన్న గట్టి అట్ట నోట్‌బుక్ ఒకటి తెచ్చుకోమనండి. స్పైరల్ వద్దు, అందులో పేజీ చింపినా తెలియదు.